గాడిద చాకిరీ చేసేవాడి పాట: ఎర్మెతికా ‘ఆసిదో అర్హెంతీనో’

బెంగళూరులో ఫ్యాక్టరీలుండే పీణ్యలో నైట్ షిఫ్ట్ దిగేసరికి పొద్దున ఆరు దాటుతుంది. చేతులకంటిన కూలెంట్ (మెషిన్ చల్లబరిచే ద్రవం) వాసన ఎంత సబ్బు రుద్దినా పోదు. అక్కడి నుంచి దాసరహళ్లిలో రూముకి నడిచినంతసేపూ చెవుల్లో ఏదో ఒకటి మోగాలి నాకు. ఆరు నెలలుగా మోగుతున్నది ఒకటే ఆల్బమ్. అర్జెంటీనా బ్యాండ్ ఎర్మెతికా 1991లో తెచ్చిన ‘ఆసిదో అర్హెంతీనో’. స్పానిష్‌లో పాడిన థ్రాష్ మెటల్, అంటే మహా వేగంగా, గరుగ్గా వాయించే రాక్ సంగీతం.

మెటల్ నాకు కొత్త కాదు. 2011 అక్టోబర్ 30న అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు హిందూపురం నుంచి బస్సెక్కి వచ్చి, గొంతు పోయేదాకా అరిచినవాణ్ణి. కానీ ఈ ఆల్బమ్‌లో ఉన్న కోపం వేరు. అది ఎవరి తరఫునో, ఎవరి మీదో స్పష్టంగా తెలుస్తుంది.

నన్ను పట్టేసిన పాట ‘హిల్ త్రబహదోర్’. రెండో మాటకి అర్థం పనివాడు. మొదటిది ఫోన్‌లో అనువాదం పెడితే సరిగ్గా రాలేదు. అది బ్యూనస్ ఐరిస్ వీధుల్లో పుట్టిన లున్‌ఫార్దో యాస. హిల్ అంటే వెర్రిబాగులోడు, ఎవడైనా ఇట్టే మోసం చేయగలిగినవాడు. ఒళ్లు వంచి పని చేసుకునేవాణ్ణి లోకం పిలిచే ఆ పేరునే తీసుకుని, ఆ మనిషి పక్కన నిలబడి పాడతారు. బాస్ గిటార్ వాయించిన రికార్డో ఇయోరియోనే మాటలు రాశాడు. పైనుంచి జాలి చూపించినట్టు ఎక్కడా ఉండదు.

ఇది నాకెందుకు తగిలిందో చెప్పాలి. నేను ఇంతకుముందు చేసిన ఒక షాపులో మూడు నెలల ఓవర్‌టైమ్ ఇవ్వలేదు. అడగడానికి వెళ్తే సూపర్‌వైజర్ భుజం తట్టి, “మీ వైపు వాళ్లు మంచోళ్లప్పా, పని చేస్తారు, నోరెత్తరు” అన్నాడు. మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. హిల్ అంటే ఏంటో తెలిసిన రోజు నాకు గుర్తొచ్చింది ఆ భుజం మీద పడ్డ చెయ్యే.

ఆ కాలం తెలిస్తే పాటలు ఇంకా లోపలికి దిగుతాయి. 1989లో అర్జెంటీనాలో ధరలు ఒక్క ఏడాదిలో మూడు వేల శాతం పైగా పెరిగాయి. జీతం చేతికొచ్చిన రోజే సరుకులు కొనుక్కోవాలి, ఆగితే ఆ డబ్బుకి విలువ ఉండదు. 1990లో ప్రభుత్వం టెలిఫోన్లనీ విమానాలనీ ప్రైవేటుకి అమ్మేసింది. 1991 ఏప్రిల్‌లో అప్పటి వాళ్ల డబ్బు ఆస్ట్రల్‌ని, పదివేలకి ఒక డాలర్ అని కట్టేశారు. ‘ఎన్ లాస్ కాయ్యేస్ దె లినియేర్స్’ అనే పాట పేరులో ఉన్న లినియేర్స్ బ్యూనస్ ఐరిస్‌కి పడమటి కొసన ఉన్న పేట. అక్కడి సాన్ కయేతానో గుడికి ప్రతి ఆగస్టు 7న జనం బారులు తీరతారు. ఆ సాధువుని అడిగేది రెండే, రొట్టె, పని. ఆ సంగతి చదివాక ఆ పాట వింటుంటే నాకు మన ఊరి జాతర క్యూ కళ్ల ముందు కదిలింది.

ఇక వాయింపు. ఆంటోనియో రొమానో గిటార్ రంపంతో కోసినట్టు ఉంటుంది, అనవసరంగా సాగదీయడు. క్లౌదియో ఓకానర్ గొంతు బొంగురే కానీ ప్రతి మాటా విడివిడిగా వినిపిస్తుంది. భాష రాని నాకే కొన్ని మాటలు నోటికొచ్చేశాయి. డ్రమ్స్ రికార్డింగ్ మాత్రం పల్చగా ఉంది, చవక ఇయర్‌ఫోన్స్‌లో డబ్బా కొట్టినట్టు వినిపిస్తుంది. కాస్త మంచివి పెట్టుకుంటే బాస్ బరువు తెలుస్తుంది. వేగమైన పాటలు రెండు మూడు వరసగా వచ్చినప్పుడు ఏది ఏదో కలిసిపోతాయి కూడా. ‘లా రెవాంచా దె అమెరికా’ దగ్గర మళ్లీ లేచి కూర్చుంటాం. కొలంబస్ అమెరికా ఖండానికి వచ్చి 500 ఏళ్లవుతోందని పండగలకి సిద్ధమవుతున్న రోజుల్లో, ఆ నేల మీద ముందు నుంచీ ఉన్నవాళ్ల తరఫున పాడిన పాట అది.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అరుగు మీద కూర్చుని ‘హిల్ త్రబహదోర్’ స్పీకర్‌లో పెట్టాను. మా నాయన ముప్పై ఏళ్లు లారీ తోలినాడు, ఇప్పుడూ తోలుతున్నాడు. బీడీ ఆర్పేసి, “ఎవుర్ని తిడతాండాడురా వాడు?” అన్నాడు.

“తిట్టడం లేదు నాయనా. ఒళ్లొంచి పని చేసేటోళ్ల మీద పాట.”

“లారీ తోలేటోళ్లు కూడా వస్తారా దాంట్లో?”

“అందరూ వస్తారు.”

“మళ్లీ పెట్టు” అన్నాడు. ఈసారి చెప్పుకాలితో నేల మీద దరువేస్తూ చివరిదాకా విన్నాడు. అయిపోయాక, “ఇదే మన మాటల్లో ఉంటే బండిలో పెట్టుకుందును గదరా” అన్నాడు.