అల్లిక పాలిథిలిన్ గేలం తాడు: తంగూసు మానేసి దీన్ని కొనవచ్చా?

నైలాన్ తంగూసుతో గేలం వేయడం అలవాటైన వారికి, ఎనిమిది పాయల పాలిథిలిన్ అల్లిక తాడు పట్టుకోగానే తేడా తెలుస్తుంది. అంతే బరువు మోసే తంగూసు కన్నా ఇది ఎంతో సన్నం, పైగా లాగితే దాదాపు సాగదు కనుక దూరాన చేప ఎరను ముట్టినా చేతికి తెలుస్తుంది.

కవర్లు చేసే పాలిథిలిన్ రసాయనమే ఇదీ. తేడా అంతా అణువుల పొడవులో, అవి నిలిచిన తీరులో ఉంది. ఉండలా ముడుచుకునే ఆ పొడవాటి అణువులను ఒకే దిక్కుకు బారుగా నిలపాలంటే సాగదీయాలి. మామూలుగా ప్రవహించే ద్రవంలో పొరల ఒరిపిడికి పొడవాటి అణువు కాస్త విచ్చుకున్నా, దొర్లుతూ మళ్లీ ముడుచుకుంటుంది. ద్రవాన్ని ఒకే దిక్కుకు లాగి సాగదీసే ప్రవాహంలో అలా దొర్లించేది ఏదీ ఉండదు కనుక, అణువు ముడుచుకునే వేగాన్ని సాగదీత వేగం మించితే చాలు, అది ఉండ విప్పుకుని లాగిన దిక్కుకు బారుగా తిరుగుతుంది. ఈ మలుపును 1974లో ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త ద జెన్ సిద్ధాంతపరంగా వివరించగా, అమెరికా భౌతిక శాస్త్రవేత్త స్టీవెన్ చూ బృందం 1997లో డీఎన్ఏ అణువులు ఒక్కొక్కటిగా ఇలా విచ్చుకోవడాన్ని సూక్ష్మదర్శిని కింద చూపింది. అయితే ఈ తాడు బలమంతా ద్రవదశలోనే వచ్చింది కాదు. నెదర్లాండ్స్‌లోని డీఎస్ఎం సంస్థలో స్మిత్, లెమ్‌స్ట్రా రూపొందించిన జెల్ పద్ధతిలో, పాలిథిలిన్‌ను పలుచగా కరిగించి సన్నని రంధ్రాల గుండా వదిలి, చల్లార్చి, ఆ పోగును వేడి మీద ముప్ఫై రెట్ల వరకూ లాగుతారు. పలుచన చేయడం వల్ల అణువుల చిక్కులు తగ్గుతాయి, అందుకే పోగు తెగకుండా అంత సాగుతుంది. ఇంత సన్నని దారంలో ఇంత పనితనం ఉండటం నాకు నిజంగా అబ్బురమే.

బలం పొడవునే ఉంది, అడ్డంగా లేదు. మొద్దు కత్తెరతో కోస్తే కొన పీచులా విచ్చుకుంటుంది, రాతి అంచుకు రాసుకున్న చోట నూగు లేస్తుంది. సుమారు 150 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కనుక సిగరెట్ నిప్పు తగిలినా తెగుతుంది. నున్నగా జారే గుణం వల్ల మామూలు ముడి నిలవదు. తాడును మడిచి రెండు పాయలుగా గేలం కన్నంలో దూర్చి వేసే పాలోమార్ ముడి వేసి, తడిపి బిగించాలి. ఖాళీ రీలుకు నేరుగా చుడితే చుట్టంతా జారుతుంది, అడుగున కొంత తంగూసు ఉండాలి.

సముద్రపు ఒడ్డున దూరం విసిరేవారు తప్పక కొనవచ్చు. రాళ్లున్న చోట మాత్రం గేలం వైపు బారెడు తంగూసు కలపాలి. చెరువులో చిన్న చేపలకు ఈ ఖర్చు అనవసరం. గేలం ఎక్కడైనా ఇరుక్కుంటే తాడును వట్టి చేతికి చుట్టుకుని లాగకండి, వేలు తెగుతుంది.