కాబూల్ భవనమా, యూసుఫ్‌గూడ తరగతా?

మన పన్ను సొమ్ము విదేశాలకు పంపడం నాకు మొదటి నుంచీ గిట్టదు. అయితే పంపే పద్ధతుల్లోనూ తేడా ఉంది.

మొదటిది, పరాయి దేశపు రాజకీయాన్ని మనమే చక్కదిద్దాలనుకోవడం. 1987లో శ్రీలంకకు మన శాంతి సేన వెళ్లింది. 1990లో తిరిగి వచ్చేలోగా దాదాపు 1,200 మంది జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. అక్కడి అంతర్యుద్ధం మాత్రం 2009 దాకా సాగింది. కాబూల్‌లో సుమారు 9 కోట్ల డాలర్లతో పార్లమెంటు భవనం కట్టించి, 2015 డిసెంబరులో ఆర్భాటంగా ప్రారంభించాం. 2021 ఆగస్టులో తాలిబన్లు వచ్చారు. భవనం మిగిలింది, పార్లమెంటు పోయింది. బూడిదలో పోసిన పన్నీరంటే ఇదే.

రెండోది, 1964లో మొదలైన ఐటెక్, అంటే విదేశీ ఉద్యోగులకు మన ప్రభుత్వం ఇక్కడే ఇప్పించే శిక్షణ. హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల సంస్థకు, రాజేంద్రనగర్‌లోని గ్రామీణాభివృద్ధి సంస్థకు ఆఫ్రికా, ఆసియా దేశాల ఉద్యోగులు వచ్చి చదువుకుని వెళ్తారు. విమాన టికెట్టు, బస, ఫీజు అన్నీ మన ఖర్చే. కానీ బస, ఫీజుల డబ్బు ఇక్కడి అధ్యాపకులకు, హాస్టల్ వంటవాళ్లకే చేరుతుంది. (లాడ్ బజారు గాజుల బేరం అదనం.) అక్కడ ప్రభుత్వం కూలినా, నేర్చుకున్న పని ఎక్కడికీ పోదు.

ఇదీ ఉచితమేమీ కాదు. ఇచ్చి తీరాలంటే మాత్రం దీనికే ఇవ్వాలి. మొదటిదానికి పైసా కూడా వద్దు.