లేబర్ రూమ్‌లో స్కాన్ శిక్షణ: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

కాన్పులు చూసే డాక్టర్లకు, మిడ్‌వైఫ్‌లకు మంచం దగ్గరే అల్ట్రాసౌండ్ చేయడం నేర్పే శిక్షణ ఇది. నేను తీసుకుని కొన్నేళ్లైంది, నేర్చుకున్నది డ్యూటీలో రోజూ వాడుతున్నాను. చేరమనే చెబుతాను, కాకపోతే ఒక షరతు ఉంది.

ముందు నచ్చింది. రిపోర్టులు రాయడం కాకుండా, అవునో కాదో తేలే ప్రశ్నలే అడగడం నేర్పారు: తల కిందికి ఉందా, గుండె కొట్టుకుంటోందా, మాయ దారికి అడ్డంగా ఉందా? మూత్రాశయం నిండుగా ఉంటే మాయ దిగకపోయినా కిందికి దిగినట్టు కనిపిస్తుంది కాబట్టి ఖాళీ చేయించి మళ్లీ చూడమన్నారు. తొలి నెలల్లో బిడ్డ గుండె వేగం, బిడ్డ మీద ఎక్కువ శక్తి పడే డాప్లర్‌తో కాకుండా, కదలికను గీతగా చూపే ఎమ్-మోడ్‌లోనే కొలవాలని పట్టుబట్టారు. బిడ్డను బయటికి లాగే వాక్యూమ్ కప్పు పెట్టే ముందు తల ఎటు తిరిగిందో చూడడమూ బాగా పనికొచ్చింది. తల మీద వాపు వచ్చాక వేలి పరీక్షను నమ్మలేం. అదే స్కాన్‌లో బిడ్డ కళ్ల గుంటలు పైకి కనిపిస్తే ముఖం పైకే ఉందని తెలిసిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చింది మాత్రం ఊపిరితిత్తుల స్కాన్. మాకు పొట్ట దాటి ప్రోబ్ (ఒంటి మీద ఆనించే స్కాన్ పరికరం) పెట్టే అలవాటే లేదు! తీవ్రమైన ప్రీఎక్లాంప్సియాతో (గర్భంతో వచ్చే బీపీ జబ్బు) ఆయాసపడుతున్న తల్లికి రెండు వైపులా, ఒక్కో పక్కటెముకల సందులో 3 లేదా అంతకన్నా ఎక్కువ బి-లైన్లు (తెర మీద పైనుంచి కిందికి దిగే తెల్లని గీతలు) చాలా చోట్ల కనిపిస్తే, నీరు చేరిందని గట్టిగా అనుమానించాలి. సెలైన్ ఎక్కించాలా, ఆపాలా అన్న టెన్షన్ అక్కడే సగం తగ్గుతుంది.

కాన్పు తర్వాత రక్తస్రావం పాఠం బలహీనం. గర్భసంచిలో మిగిలింది మాయ ముక్కా, గడ్డకట్టిన రక్తమా అన్నది తెర మీద తేలిగ్గా తేలదు. ఆ సంగతి పైపైనే చెప్పి వదిలేశారు. స్కాన్ కోసం మందులు, మసాజ్ ఆగకూడదన్నది మాత్రం గట్టిగానే చెప్పారు.

అసలు లోటు కోర్సు అయ్యాక తెలుస్తుంది. నేర్చుకునేటప్పుడు కదలకుండా పడుకున్న ఆరోగ్యవంతులు, తీరిగ్గా చూసే సమయం. డ్యూటీలో నొప్పులు, లావు పొట్ట, వెలుతురు ఎక్కువైన గది, పైగా వేడెక్కి ఆగిపోయే చేతి ప్రోబ్. మొదటి నెలల్లో మనం తీసిన బొమ్మలు అనుభవమున్నవాళ్లు చూసి తప్పు దిద్దాలి. ఆ ఏర్పాటు మాకు కాగితం మీదే ఉండేది. చివరికి సీనియర్‌ను బతిమాలి చూపించుకున్నాను.

షరతు అదే: డబ్బు కట్టేముందు, కోర్సు తర్వాత బొమ్మలు ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు చూస్తారో రాతపూర్వకంగా అడగండి. నెలల తరబడి ప్రోబ్ పట్టే అవకాశం లేని పోస్టులో ఉంటే, అది మారేదాకా ఆగండి.