బేస్ బాక్సులకు ఆంప్లిఫయర్: బ్రిడ్జ్ మేలా, స్టీరియో మేలా?

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ చుట్టుపక్కల బారాత్‌లకూ బతుకమ్మకూ సౌండ్ పెట్టే చిన్న సర్వీసుల దగ్గర ఎక్కువగా కనిపించేది రెండు ఛానెళ్ల ఆంప్లిఫయర్ ఒకటి, 18 అంగుళాల బేస్ బాక్సులు రెండు. సీజన్ మొదలైతే చాలు, బ్రిడ్జ్ చేస్తే బేస్ ఇంకా గట్టిగా కొడుతుందా అని అడుగుతుంటారు. రెండు బాక్సులూ చేతిలో ఉన్నవాళ్లకు నేను స్టీరియోనే చెబుతాను.

స్టీరియోలో ఒక్కో ఛానెల్ ఒక్కో బాక్సును విడిగా నడుపుతుంది. బ్రిడ్జ్‌లో రెండు ఛానెళ్లూ కలిసి ఒకే లోడు, అంటే తగిలించిన స్పీకరు, మీద పనిచేస్తాయి. ఒకటి నెడుతుంటే రెండోది లాగుతుంది. స్పీకరుకు అందే వోల్టేజీ రెట్టింపవుతుంది. లెక్క ప్రకారం పవర్ 4 రెట్లు కావాలి గానీ, లోపలి పవర్ సప్లై అంత కరెంటు ఇవ్వలేదు. అసలు మెలిక ఓమ్స్ దగ్గరుంది. కరెంటుకు స్పీకరు ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత అది, తగ్గేకొద్దీ ఆంప్లిఫయర్ మీద భారం పెరుగుతుంది. బ్రిడ్జ్‌లో ఒక్కో ఛానెల్ మీద పడే లోడు సగం ఓమ్స్‌దే: 8 ఓమ్స్ బాక్సు తగిలిస్తే ఛానెల్‌కు అది 4 ఓమ్స్‌తో సమానం, 4 తగిలిస్తే 2.

మాటవరసకు ఒక ఆంప్లిఫయర్ ఛానెల్‌కు 8 ఓమ్స్ మీద 600 వాట్స్, 4 ఓమ్స్ మీద 1000 వాట్స్ ఇస్తుందనుకుందాం. స్టీరియోలో రెండు 8 ఓమ్స్ బాక్సులకు చెరో 600. బ్రిడ్జ్‌లో ఒకే బాక్సుకు 2000. వినడానికి పెద్ద తేడాలా ఉంటుంది. కానీ 600 నుంచి 2000కు వెళ్తే పెరిగేది సుమారు 5 డెసిబెల్స్. అదే 600 చొప్పున తీసుకునే రెండు బాక్సులను పక్కపక్కనే ఆనించి పెడితే, ఒక్క బాక్సు కన్నా దాదాపు 6 డెసిబెల్స్ ఎక్కువ వస్తుంది. పైగా బాక్సు ఆర్‌ఎంఎస్ (ఆగకుండా తట్టుకునే పవర్) 800 వాట్స్ అయితే, ఆ 2000తో గంటల తరబడి కొడితే కాయిల్ మాడక తప్పదు. బతుకమ్మ ఆడుతుండగా ఒక ఛానెల్ పోయినా, స్టీరియోలో రెండో బాక్సు మోగుతూనే ఉంటుంది. బ్రిడ్జ్‌లో ఆ భరోసా లేదు.

రెండు బాక్సులనూ ప్యారలల్ చేసి (ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి) బ్రిడ్జ్‌కు ఇస్తే? రెండు 8లు కలిసి 4 ఓమ్స్, అంటే ఒక్కో ఛానెల్ మోసేది 2. మాన్యువల్‌లో 2 ఓమ్స్ రేటింగ్ లేకపోతే ఆ జోలికి పోవద్దు. మే నెల ఎండలో, వోల్టేజీ తగ్గిన లైన్ మీద, ప్రొటెక్ట్ లైటు వెలిగి పాట మధ్యలోనే ఆగిపోతుంది.

బ్రిడ్జ్‌ది పైచేయి అయ్యేది, ఆ పవర్‌ను తట్టుకునే గట్టి బాక్సు ఒక్కటే ఉన్నప్పుడు. కారు డిక్కీలో మామూలుగా ఇదే పరిస్థితి. 2 ఓమ్స్ కాయిల్స్ రెండున్న సబ్‌వూఫర్‌ను (బేస్ స్పీకరును) సిరీస్ చేస్తే, అంటే కాయిల్స్‌ను ఒకదాని వెనక ఒకటి కలిపితే, 4 ఓమ్స్. కారు ఆంప్లిఫయర్లు చాలావరకు బ్రిడ్జ్‌లో దాన్ని హాయిగా మోస్తాయి. చెరో కాయిల్‌కు చెరో ఛానెల్ ఇస్తే రెండు గెయిన్లూ (ఛానెల్ లెవెల్ నాబ్‌లు) సమానంగా ఉంచడమే ఒక టెన్షన్.

స్టీరియో ఎంచుకున్నవాళ్లు రెండు ఛానెళ్లకూ ఒకే బేస్ సిగ్నల్ ఇవ్వాలి. ఆంప్లిఫయర్ వెనక, ఒకే సిగ్నల్‌ను రెండు ఛానెళ్లకూ పంపే ప్యారలల్ స్విచ్ ఉంటే దాంతోనే పని అవుతుంది. ఒక బాక్సుకు ప్లస్, మైనస్ తారుమారైతే రెండూ ఒకదాన్నొకటి చంపుకుని బేస్ మాయమైపోతుంది. అనుమానం ఉంటే ఆంప్లిఫయర్ నుంచి వైర్లు ఊడదీసి, 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కు ప్లస్ కలిస్తే కోన్ బయటికి కదలాలి, రెండు బాక్సుల్లోనూ ఒకేలా.

సౌండ్ సర్వీసు ఆంప్లిఫయర్‌ను బ్రిడ్జ్ చేసేవాళ్లు దాన్ని ఆపాకే స్విచ్ మార్చాలి. వీటిలో చాలావాటికి వైర్లు రెండు ఎర్ర టెర్మినళ్లకే వెళ్తాయి, నల్లవాటిని ముట్టుకోవద్దు. ప్లస్ ఏదో ప్యానెల్ మీద రాసి ఉంటుంది. కేబుల్ దగ్గర పొదుపు చేయొద్దు: 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 20 మీటర్లు లాగితే రానూపోనూ దాదాపు అర ఓమ్ అవుతుంది, 4 ఓమ్స్ లోడు మీద ఆ మేరకు పవర్ వైరులోనే వేడైపోతుంది. 4 చదరపు మిల్లీమీటర్లది తీసుకుంటే ఆ నష్టం సగం కన్నా తక్కువకు దిగుతుంది.