అరిజోనాలో మూడు మధ్యాహ్నాలు

శాన్ ఫ్రాన్సిస్కో బేస్‌బాల్ జట్టు జయంట్స్ ఆటలను సొంత ఊళ్లో ఏళ్ల తరబడి చూస్తున్నా, ఫీనిక్స్ పరిసరాల్లో ఫిబ్రవరి చివరి నుంచి మార్చి చివరి దాకా, అసలు సీజన్‌కు ముందు సాగే సన్నాహక పోటీలకు నేను వెళ్లడం ఇదే మొదటిసారి. కాక్టస్ లీగ్ అని పిలిచే ఈ పోటీల్లో 15 జట్లు 10 మైదానాల్లో ఆడతాయి. అన్నీ ఒకే మహానగర పరిధిలో ఉన్నందువల్ల బస ఒకచోట పెట్టుకుని రోజుకొక మైదానం చూడవచ్చు.

బస విషయంలో మొదట పొరబడ్డాను. మార్చిలో అక్కడ గదుల అద్దెలు మండిపోతాయని తెలిసి, విమానాశ్రయం దగ్గర ఒక చౌక మోటెల్‌లో దిగాను. అర్ధరాత్రి దాకా ఏసీ గర్జించింది. మిగిలిన డబ్బు కాస్తా టాక్సీలకే పోయింది. మర్నాడు స్కాట్స్‌డేల్ పాతబస్తీకి మారాను. అక్కడి నుంచి, ఈ పోటీల్లో జయంట్స్‌కు సొంత మైదానమైన స్టేడియానికి నడిచి వెళ్లవచ్చు. అద్దె ఎక్కువైనా, పార్కింగ్ బెడద లేకుండా ఆటకు వెళ్లి రావడం నాకు గిట్టుబాటుగానే అనిపించింది.

మొదటి ఆట మెసాలోని స్లోన్ పార్కులో, షికాగో కబ్స్‌తో. సుమారు 15 వేల మంది పట్టే ఆ మైదానం షికాగో వాళ్లతో కిటకిటలాడింది. మా పేరున్న ఆటగాళ్లలో చాలామంది మాత్రం రానేలేదు. పొరుగు మైదానానికి వెళ్లేటప్పుడు జట్లు తరచూ కుర్రవాళ్లనే పంపుతాయన్న సంగతి టికెట్టు కొనేముందే ఆలోచించవలసింది. చొక్కా మీద పేరు లేని, 87వ నంబరు కుర్రవాడొకడు మామూలు బంతికి కూడా ప్రాణం పెట్టి పరుగెత్తాడు. పక్క సీటు పెద్దాయనా నేనూ ఫోన్లలో వాడి పేరు వెతుకుతూ కూర్చున్నాం.

రెండో రోజు స్కాట్స్‌డేల్‌లో అసలు జట్టు దిగింది. అక్కడి చిన్న మైదానంలో పిచ్చర్ విసిరిన బంతి క్యాచర్ గ్లవ్‌లో పడే చప్పుడు మా వరుసకు వినిపించింది. ఇంటి దగ్గర నేను కొనగలిగే సీట్లలో ఆ భాగ్యం లేదు. మామూలుగా తొమ్మిది ఉండే ఇన్నింగ్స్‌లో అయిదోది ముగిశాక ముఖ్యులందరూ ఒక్కొక్కరుగా తప్పుకున్నారు. ఆట 4-4తో సమంగా ముగిసినా అదనపు ఇన్నింగ్స్ ఆడించలేదు, ఎవరూ నొచ్చుకోలేదు. కాబట్టి అభిమాన ఆటగాళ్ల కోసం వెళ్లేవారు సొంత మైదానం ఆటకే టికెట్టు తీసుకుని, తొందరగా వెళ్లి కూర్చోవాలి.

వసతుల్లో మాత్రం సాల్ట్ రివర్ ఫీల్డ్స్‌దే పైచేయి. స్థానిక పీమా-మారికోపా తెగల భూమిలో 2011లో తెరిచిన ఈ మైదానాన్ని డైమండ్‌బ్యాక్స్, రాకీస్ జట్లు పంచుకుంటాయి. అవుట్‌ఫీల్డ్ వెనక పచ్చిక గట్టు మీద దుప్పటి పరుచుకుని తక్కువ ధరకే ఆట చూశాను. నీడ లేక ఒక చెవి కమిలిపోయింది. శాకాహారికి లోపల వేరుశనగలు, నాచోస్ తప్ప పెద్దగా ఏమీ దొరకలేదు. చాండ్లర్‌లో ఉండే మా పిన్ని కూతురు కట్టి ఇచ్చిన పులిహోరను ఆట అయ్యాక కార్ల మధ్య నిలబడే తిన్నాను.