మైన్‌క్రాఫ్ట్‌లో మధ్యయుగపు కోట: చదరపు బురుజా, గుండ్రటి బురుజా?

బ్లాకులు పేర్చి కట్టుకునే వీడియో గేమ్ మైన్‌క్రాఫ్ట్‌లో కోట మొదలుపెట్టగానే ముందు తేల్చుకోవాల్సింది బురుజుల ఆకారమే. 7×7 చదరపు బురుజుకి ఒక్కో వరుసకి 24 బ్లాకులు పడతాయి. లోపల 25 గడుల నేల మిగులుతుంది. అదే వెడల్పుతో గుండ్రంగా కడితే వరుసకి 16 బ్లాకులే! ఎదురెదురు నాలుగు వైపులా మూడేసి బ్లాకులు, వాటి మధ్య మూలల్లో ఒక్కొక్కటి. లోపలి నేల 21 గడులు. ఇరవై వరుసల ఎత్తుకి 160 బ్లాకుల రాయి మిగులుతుంది. సర్వైవల్‌లో, అంటే సామాన్లన్నీ మనమే సేకరించుకోవాల్సిన మోడ్‌లో, రాయి తవ్వి, కాల్చి, ఇటుకలు చేసుకునేవాళ్లకి అది చాలా పని తప్పినట్టే.

చరిత్ర కూడా గుండ్రటి బురుజు వైపే ఉంది. 1215లో ఇంగ్లండ్ రాజు జాన్ రోచెస్టర్ కోటను ముట్టడించి, చదరపు బురుజు మూల కిందికి సొరంగం తవ్వించాడు. అందులోని కర్రల ఊతాలను 40 పందుల కొవ్వుతో తగలబెట్టించి ఆ మూలను కూల్చాడు. తర్వాత ఆ మూలను గుండ్రంగా కట్టారు. మిగతావి చదరంగానే ఉన్నాయి, ఫొటోల్లో తేడా ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆటలో మాత్రం ఆకారం బలాన్నివ్వదు. క్రీపర్ (ఆటలో దగ్గరికొచ్చి పేలిపోయే శత్రుజీవి) పేలితే రెండూ ఒకేలా దెబ్బతింటాయి.

చదరానికి పైకప్పు తేలిక, మెట్ల బ్లాకులు చుట్టూ పేర్చుకుంటూ పోతే చాలు. గుండ్రటిదానికి శంకు ఆకారపు కప్పు నిజంగా టెన్షన్ పెడుతుంది. అందుకే నేను మధ్యలోని పెద్ద బురుజు చదరంగా, ప్రహరీ మూలల్లోవి కప్పు లేకుండా గుండ్రంగా కడతాను.