డాక్ఎక్స్ ఫైలును ఎంతవరకు నమ్మవచ్చు?

ఏళ్ల తరబడి తెలుగు పుస్తకాలూ పత్రాలూ డాక్ఎక్స్‌లోనే (మైక్రోసాఫ్ట్ వర్డ్ పత్రాలు దాచే ఫైలు రకం, .docx) టైపు చేసి, దిద్ది, పంపుతూ వచ్చాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: రాసిన పాఠాన్ని దాచుకోవడానికి ఈ ఫార్మాట్‌ను నిశ్చింతగా నమ్మవచ్చు. పేజీ కనిపించే తీరు విషయంలో మాత్రం నమ్మకూడదు.

వర్డ్ 2007తో వచ్చిన ఈ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. ఒక కాపీ తీసుకుని, పేరు చివర డాక్ఎక్స్ బదులు జిప్ అని మార్చి విప్పి చూడండి. ‘వర్డ్’ ఫోల్డరులో ‘డాక్యుమెంట్’ అనే ఎక్స్ఎంఎల్ ఫైలు ఉంటుంది. ప్రధాన పాఠమంతా అందులోనే, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోగల యూనికోడ్ తెలుగులో, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే కోడ్ ఉండే పద్ధతిలో ఉంటుంది. బొమ్మలు ‘మీడియా’ ఫోల్డరులో దొరుకుతాయి. వర్డ్ తెరవనని మొండికేసిన ఫైళ్లలోంచి కూడా చాలాసార్లు పాఠాన్ని ఇలా బయటికి లాగవచ్చు. డౌన్‌లోడ్ సగంలో తెగితే మాత్రం మూట మామూలుగా విప్పుకోదు, ఎందుకంటే లోపలి ఫైళ్ల జాబితా మూట చివర్లో ఉంటుంది. అలాంటప్పుడు కుస్తీ పట్టకుండా మళ్లీ పంపమని అడగడమే మేలు.

తెలుగువాళ్లను ఎక్కువ తిప్పలు పెట్టేది ఫాంటు. వర్డ్ ఇంగ్లీషు అక్షరాలకు ఒక ఫాంటు, తెలుగులాంటి ‘కాంప్లెక్స్ స్క్రిప్టు’లకు ఇంకో ఫాంటు విడివిడిగా రాసుకుంటుంది. సైజూ బోల్డూ కూడా అంతే. సైజు అరపాయింట్లలో ఉంటుంది కాబట్టి 12 పాయింట్లంటే లోపల 24. ఒకటి మారి రెండోది మారకపోతే, ఇంగ్లీషు 14కి పెరిగినా తెలుగు 11 దగ్గరే ఉండిపోతుంది. కంట్రోల్, డి కలిపి నొక్కి, ఫాంటు పెట్టెలో ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ కింద సరిచేయాలి. అది కనబడకపోతే ఆఫీసు భాషల సెట్టింగుల్లో తెలుగును చేర్చండి. ఎక్కడికక్కడ దిద్దడం కన్నా ‘నార్మల్’ స్టైలులోనే మారిస్తే పని ఒక్కసారితో తీరుతుంది.

అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్ల సంగతి వేరు. వాటిలో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, తెలుగు ఆకారం తొడుక్కున్న వేరే కోడ్లు. మండలి, గౌతమి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఏవి పెట్టినా బాగుపడవు. కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చి, వత్తుల దగ్గర తప్పులు పడతాయి కనుక ఒకసారి ప్రూఫు చూడాల్సిందే.

ఇక పేజీ. కాగితం కొలత, అంచులు ఫైల్లో ఉంటాయి. ఏ4 అయితే అంగుళాన్ని 1440 భాగాలుగా లెక్కేసి వెడల్పు 11906, ఎత్తు 16838 అని. వరుస ఎక్కడ విరగాలో మాత్రం తెరిచే ప్రోగ్రామే అప్పటికప్పుడు లెక్కేస్తుంది. అందుకే వర్డ్‌లో 96 పేజీలున్న పుస్తకం లిబ్రెఆఫీసు అనే ఉచిత ప్రోగ్రాములో 101 కావచ్చు. అవతలివాళ్లు దిద్దాల్సి ఉంటే ఫాంటు కూడా ఫైల్లోనే వెళ్లేలా సేవ్ ఆప్షన్లలో ‘ఎంబెడ్ ఫాంట్స్’ పెట్టి, వాడిన అక్షరాలు మాత్రమే అనే టిక్కు తీసేయండి. అచ్చుకైతే పీడీఎఫ్ తప్ప ఇంకేదీ ఇవ్వకండి.

ఒక్క జాగ్రత్త. దిద్దుబాట్లను గుర్తుపెట్టే ‘ట్రాక్ ఛేంజెస్’లో కొట్టేసిన వాక్యం, దాన్ని ఆమోదించేదాకా ఫైల్లోనే ఉంటుంది, తెర మీద దాచేసినా సరే. క్రాప్ చేసిన (అంచులు కత్తిరించిన) ఫొటోలో కనబడని భాగమూ అంతే. బయటికి పంపేముందు కాపీ తీసి, ‘ఫైల్’, ‘ఇన్ఫో’ల్లోకి వెళ్లి ‘ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్’ నడపండి. ఫొటోలకు ‘కంప్రెస్ పిక్చర్స్’లో క్రాప్ చేసిన భాగాలు తీసేసే టిక్కు విడిగా పెట్టాలి.